ఇప్పుడు మీ చేతిలో ఉన్న పుస్తకం ఏది, ఎందుకు చదువుతున్నారు?

బుగ్గవంక (కడప)

చదవాలనుకునే పుస్తకాల జాబితాలు అందరి దగ్గరా ఉంటాయి. నేను అడిగేది అది కాదు. ఈ రోజు మీ దిండు పక్కనో, సంచిలోనో, అంగట్లో గల్లాపెట్టె మీదనో బోర్లించి పెట్టిన పుస్తకం ఒకటి ఉంటుంది కదా, దాని సంగతి చెప్పండి. దాన్నే ఎందుకు పట్టుకున్నారో చెప్పండి.

ముందు నాది చెబుతాను. రాచమల్లు రామచంద్రారెడ్డి గారి 'అనువాద సమస్యలు'. నేను కోర్టు దగ్గర కాగితాలు తర్జుమా చేసి బతుకుతున్నాను. ఇంగ్లీషులో నోటీసు వస్తుంది, తెలుగులో రాసియ్యాలి. పోయిన నెల ఒక పెద్దాయన నేను రాసిచ్చిన కాగితం పట్టుకుని మళ్ళీ వచ్చినాడు. "ఇంతకూ నన్ను పొలంలో ఉండమన్నారా, వదిలిపెట్టి పొమ్మన్నారా, అది చెప్పు నాయనా" అన్నాడు. నేను రాసినదాంట్లో తప్పు లేదు. మాటకు మాట ఉంది. 'పైన పేర్కొనబడిన ఆస్తి విషయమై యథాతథ స్థితిని కొనసాగించవలసినదిగా' అని రాసినాను. "కేసు తేలేదాకా పొలం నీ దగ్గరే ఉంటుంది పెద్దాయనా, అమ్మగూడదు, ఇంకొకరి పేరు మీదకు మార్చగూడదు, అంతే" అని నోటితో చెప్పినాను. అప్పుడు అరుగు మీద కూర్చుని నీళ్ళడిగి తాగినాడు. నోటితో అంత సులువుగా చెప్పిన మాట కాగితం మీద ఎందుకు రాయలేకపోయినానా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి రోజే ఈ పుస్తకం తీసినాను.

రా.రా. మన కడపలో ఉండి 'సంవేదన' పత్రిక నడిపిన మనిషి. మాస్కోలో ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేసిన మనిషి. ఈ పుస్తకానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన మొహమాటపడే రకం కాదు, తప్పును తప్పనే అంటాడు. చదువుతుంటే నేను ఇన్నేళ్ళూ రాసిచ్చిన కాగితాలన్నీ కళ్ళ ముందు తిరుగుతున్నాయి. రోజుకు ఐదారు పేజీలకంటే ముందుకు పోలేకపోతున్నాను. పోవాలని కూడా లేదు.

కట్టకింది పల్లె (బుక్కరాయసముద్రం)

అన్నా, నేను కట్టమంచి రామలింగారెడ్డి గారి 'ముసలమ్మ మరణము' చదువుతున్నాను. మా ఊరి కథే అది. చిన్నప్పటి నుంచి మా అవ్వ చెబితే విన్నదే. చెరువు నిండి కట్ట తెగబోతుంటే, ఊరిని కాపాడడానికి ముసలమ్మ ఆ గండిలోకి దిగి బలి అయిందని చెప్పేది. ఇప్పటికీ మా వాళ్ళు కట్ట మీద ఆమెకు మొక్కుతారు. అయితే ఆ కథ మీద ఒక కావ్యం ఉందని నాకు డిగ్రీ అయిపోయేదాకా తెలియదు. చెప్పినవాళ్ళు లేరు.

పేరు విని నేను చిన్నప్పుడు ఆమె పండు ముసలిది అనుకునేవాణ్ణి. కాదు. చంటిబిడ్డ ఉన్న చిన్న కోడలు. కట్టమంచి ఆ పద్యాలు రాసేటప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు నిండలేదంట. కాలేజీ పిల్లోడు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ చాన్సలర్ అయినాడు కానీ, నాకు ఆ కాలేజీ పిల్లోడే ఎక్కువ దగ్గర.

పద్యాలు నాకు తొందరగా అర్థం కావు. ఒక్కో పద్యం నాలుగైదు సార్లు చదవాల్సి వస్తుంది. బిడ్డను అప్పగించి ఆమె ఇంట్లోంచి బయలుదేరే చోట మూడు రోజులుగా ఆగిపోయినాను. అర్థం కాక కాదు.

చెలిమె (తాడిపత్రి పక్క పల్లె, ఇప్పుడు బెంగళూరు)

నేను చదువుతున్నాను అంటే పూర్తి నిజం కాదు. మా నాన్నకు చదివి వినిపిస్తున్నాను. విద్వాన్ విశ్వం గారి 'పెన్నేటి పాట'.

నాన్నకు చక్కెర జబ్బు. రెండేళ్ళుగా చూపు తగ్గిపోతూ వచ్చింది. ఇప్పుడు మనిషి ఆకారం తెలుస్తుంది కానీ అక్షరం తెలియదు. జీవితమంతా చెనక్కాయ పండించిన మనిషి. ఆరో తరగతి దాకానే చదివినా పేపరు మాత్రం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాడు. బెంగళూరులో మా ఇంట్లో టీవీ పెడితే "ఆపమ్మా, అది ఒకటే అరుస్తుంది" అంటాడు. ఒకరోజు నేను "ఏమన్నా చదివి వినిపించనా నాయనా" అంటే, "మన పక్కది ఏదన్నా చదువు" అన్నాడు. విశ్వం గారిది తరిమెల. నాన్నకు తరిమెల అంటే కమ్యూనిస్టు నాయకుడు నాగిరెడ్డి ఊరని తెలుసు, ఆ ఊర్లోనే ఒక కవి కూడా పుట్టినాడంటే ఆశ్చర్యపోయినాడు.

రాత్రి అన్నం తిన్నాక అరగంట చదువుతాను. రంగడు, గంగమ్మ అనే ఆలుమగల కథ. కరువు, ఎండిపోయిన పెన్న. మొదటి రోజు పెన్న ఎండిన సంగతి చదువుతుంటే నాన్న చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. "ఇసకలో చెలిమె తీసేది తెలుసా నీకు" అని అడిగినాడు. నాకు పేరు తెలుసు, తీయడం తెలియదు. అప్పుడు చెప్పినాడు. ఇసక నల్లగా, చల్లగా తగిలే చోటు కాలితో వెతకాలంట. రెండు చేతులతో మోచేయి లోతు తోడాలంట. పక్కలు ఏటవాలుగా లాగకపోతే ఇసక జారి పూడిపోతుంది. మొదట ఊరే నీళ్ళు బురదగా ఉంటాయి, వాటిని కొబ్బరి చిప్పతో తోడి బయట పారబోయాలి. రెండోసారి కూడా పారబోయాలి. మూడోసారి ఊరేవి కడవలోకి. "తొందరపడి చిప్ప లోతుగా ముంచితే మళ్ళీ కలకబారుతుంది. పైపైన తీయాల. మీ జేజి ఒక కడవ నిండేదాకా ఒక పాట పాడేది" అన్నాడు. ఏం పాట అంటే గుర్తు లేదన్నాడు. చాలాసేపు గుర్తు తెచ్చుకోవడానికి చూసినాడు.

ఆ రోజు పుస్తకం మూడు పేజీలే సాగింది. అప్పటి నుంచి అంతే, మూడు పేజీలు చదివితే ముప్పై పేజీలు నాన్న చెబుతాడు. అందుకే ఈ పేరు పెట్టుకున్నాను ఇక్కడ.

గుంతకల్లు గార్డు

రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైర్ అయినాను. నేను చదివేది థామస్ మన్రో జీవిత చరిత్ర, గ్లీగ్ అనే ఆయన 1830లో వేసినది, మూడు భాగాలు. ఇంగ్లీషుదే. ఫోన్లో పెద్ద అక్షరాలు చేసుకుని చదువుతున్నాను. అందులో ఆయన ఉత్తరాలే సగం ఉన్నాయి.

ఎందుకంటే, గుత్తి స్టేషన్లో బండి ఆగినప్పుడల్లా ఆ కోట వైపు చూసేవాణ్ణి. కింద ఇంగ్లీషు వాళ్ళ సమాధులు ఉన్నాయని తెలుసు. మన్రో 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోతే మొదట గుత్తిలోనే పూడ్చిపెట్టినారు, తర్వాత మద్రాసు తీసుకుపోయినారు. అప్పటికి ఆయన గవర్నరు. అంతకు ముందు 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు, అంటే నిజాం కంపెనీకి ఇచ్చేసిన మన సీమకు, కలెక్టరు. మా ఊర్లలో మన్రో అని, మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. దొర పేరు మన బిడ్డకు ఎందుకు పెట్టుకున్నామో తెలుసుకోవాలనిపించింది. గుడారం వేసుకుని ఊరూరూ తిరిగి, రైతుతో నేరుగా మాట్లాడి పన్ను కట్టించుకున్న మనిషి. రెండో భాగంలో ఉన్నాను.

లష్కర్ కొడుకు (పోరుమామిళ్ల)

గార్డు సార్, ఒక మాట. నేరుగా మాట్లాడినాడు, నిజమే. అయితే కట్టించుకున్నది కంపెనీ కోసమే కదా. ఆ పన్ను ఎంత భారమో ఆయనకే తెలుసు. దత్తమండలాల నుంచి పోతూ పోతూ 1807లో శిస్తు నాలుగో వంతు తగ్గించమని పైకి రాసినాడు. అంత తగ్గించాల్సిన శిస్తును ఏడేళ్ళు ఎట్లా వసూలు చేసినట్టు? పేర్లు పెట్టుకున్నారని ఆ సంగతి మరిచిపోకూడదు.

గుంతకల్లు గార్డు

మరిచిపోలేదు నాయనా. ఆ శిస్తు ఉత్తరాల దాకా ఇంకా రాలేదు. వచ్చినాక నువ్వు చెప్పినది పక్కన పెట్టుకుని చదువుతాను. నువ్వేం చదువుతున్నావో చెప్పనే లేదు.

లష్కర్ కొడుకు (పోరుమామిళ్ల)

చెబుతా సార్. నాది పుస్తకం అనొచ్చో లేదో, శాసనం. మా పోరుమామిళ్ల చెరువు కట్ట మీది రాతి శాసనాన్ని 'ఎపిగ్రాఫియా ఇండికా' 14వ సంపుటంలో అచ్చు వేసినారు. సంస్కృతం మూలం, ఇంగ్లీషు అనువాదం ఉంటాయి. దాన్ని ప్రింటు తీయించుకుని స్పైరల్ బైండింగ్ చేయించినాను.

మా నాయన ఆ చెరువు తూము దగ్గర లష్కరుగా చేసినాడు. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు అనేది చూడడం, మరవ (అలుగు) పారితే రాత్రంతా కట్ట మీదే కాపలా ఉండడం. ఆయన పోయినాక ఇంట్లో మిగిలినవి ఒక టార్చిలైటు, ఒక నోటుపుస్తకం. అందులో తూము ఎన్ని గంటలకు ఎత్తినాడు, ఎన్ని గంటలకు దించినాడు, అంతే రాసి ఉంది ఏళ్ళ తరబడి. అది చూసినాక ఈ చెరువు గురించి మొదటి నుంచి తెలుసుకోవాలనిపించింది.

శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడు అని కూడా అంటారు, ఆయన కట్టించినాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళు పని. ఇవి రాతి మీద ఉన్న లెక్కలే. ఇంకా గొప్పది ఏమంటే, మంచి చెరువుకు 12 అంగాలు ఉండాలని, 6 దోషాలు ఉండకూడదని వరసగా చెప్పినాడు. కావాల్సిన వాటిలో నీళ్ళ శాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, రెండు కొండల నడుమ రాతికట్ట, పక్కనే రాయి దొరికే గని, పని తెలిసిన కూలీలు ఉన్నారు. దోషాల్లో ఒకటి కట్ట ఊటకారడం, ఇంకొకటి చవిటి నేల, ఇంకొకటి రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. నీళ్ళు తక్కువై కింద పొలం ఎక్కువ కావడమూ దోషమే, నీళ్ళు ఎక్కువై పొలం తక్కువ కావడమూ దోషమే.

చెరువు కడుపులో మధ్య నేల తాబేలు వీపులాగా లేస్తే అదీ దోషమే. అది చదివినప్పుడు నాకు మా నాయన మాట గుర్తొచ్చింది. ఆయన మా పక్క ఊరి కుంటను చూసి "నడుమ ఉబ్బింది, ఇది నిలవదు" అనేవాడు. ఆయనకు సంస్కృతం రాదు, శాసనం చదివినవాడు కాదు. ఆరువందల ఏళ్ళ కింద చెక్కిన మాట ఆయన నోట్లో ఎట్లా ఉందో నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

బుగ్గవంక (కడప)

తమ్ముడూ, మీ నాయన నోటుపుస్తకం పదిలంగా పెట్టు. వీలైతే ప్రతి పేజీ ఫోటో తీసిపెట్టు. బ్రౌన్ గ్రంథాలయానికి ఎప్పుడన్నా వస్తే చెప్పు, మెకంజీ దొర రాయించిన ఊర్ల చరిత్రలు, కైఫీయత్తులు అంటారు, కడప జిల్లావి వాళ్ళు సంపుటాలుగా వేసినారు. ఊరి చెరువుల సంగతులు వాటిలో చాలా ఉన్నాయి. నేను కూడా వస్తాను.

గొలుసు (జమ్మలమడుగు)

నేను సర్వేయర్ని. పని మీద రోజూ ఒక ఊరు. బండిలో పెట్టుకుని తిరిగేది కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లా ఊర్ల పేర్ల మీద చేసిన పరిశోధన గ్రంథం. ఆయన కథలకే అకాడమీ అవార్డు వచ్చింది, 1996లో. కథలు అందరూ చదువుతారు, ఈ పుస్తకం గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. నాకైతే రెండూ ఒకే మనిషి రాసినవని తెలిసిపోతూనే ఉంటుంది. ఊరిని అంత ఓపికగా చూసినవాడు కాబట్టే ఆ కథలు అట్లా రాసినాడు.

పుస్తకం చదువుతూ తిరుగుతుంటే నాకే తట్టిన సంగతి ఒకటి చెబుతాను. మనది నీళ్ళకు మొహం వాచిన నేల. ఊర్ల పేర్లు చూడండి. జమ్ము పెరిగిన మడుగు మా జమ్మలమడుగు. ఎర్రగుంట్లలో గుంటలు. ఇంకా చెరువులు, వంకలు, బావులు, సముద్రాలు. నీళ్ళు ఎక్కడ దొరికితే అక్కడ ఊరు కట్టుకున్నారు, ఆ నీళ్ళ పేరే ఊరికి పెట్టుకున్నారు. ఇప్పుడు నేను కొలతకు పోయి "ఈ ఊరికి పేరు ఇచ్చిన కుంట ఎక్కడ" అని అడిగితే, పెద్దవాళ్ళు చూపించే చోట ఇండ్లు ఉంటాయి. రికార్డులో నీటి గుంట అని ఉంటుంది, నేల మీద మేడ ఉంటుంది. ఆ పూట నాకు అన్నం సహించదు.

హంద్రి ఒడ్డు (కర్నూలు)

మీరందరూ నీళ్ళు లేని సంగతి చెబుతున్నారు. నాది నీళ్ళు వచ్చిన సంగతి.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి రెండూ ఊరి మీద పడినప్పుడు మాది పాత ఊర్లో కింది ఇల్లు. ప్రాణాలతో మేడ ఎక్కి బయటపడినాము. నీళ్ళు తీసినాక ఇంట్లోకి పోతే మోకాలి దాకా ఒండ్రు. మా ఆయన, నేను పెళ్ళయినప్పటి నుంచి కొన్న పుస్తకాలు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉండేవి. పెట్టె మూత తెరవడానికి గడ్డపార పెట్టాల్సి వచ్చింది, లోపల పుస్తకాలు ఉబ్బి బిగుసుకుపోయినాయి. ఇటుకల్లాగా ఒక్కొక్కటి ఊడదీసి మిద్దె మీద ఎండబెట్టినాము. ఎండినాక పేజీ విడదీయబోతే పొరలు పొరలుగా రాలిపోయింది. వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అట్టలు చూసి పేర్లు రాసుకున్నాను, 212 పుస్తకాలు. ఆ కాగితం బీరువాలో ఉంది.

అప్పటి నుంచి ఒక్కొక్కటే మళ్ళీ కొంటున్నాను. కొన్నది కొన్నట్టు చదువుతాను, చదివినాకే ఇంకొకటి. ఇప్పుడు చేతిలో ఉన్నది 'ఏడుతరాలు', అలెక్స్ హేలీ నవల, సహవాసి తెలుగులోకి తెచ్చింది. మా జాబితాలో ఇది 61వది. ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి ఎత్తుకుపోయిన కుంటా కింటే, తన ఊరి నది పేరును కూతురికి నేర్పుతాడు. కాంబీ బొలాంగో. ఆమె తన కొడుక్కి, వాడు తన పిల్లలకు. నది ఎక్కడుందో తెలియదు, పేరు మాత్రం తరాలు దాటుతుంది. వయసులో ఉన్నప్పుడు చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, దొరల మీద. ఇప్పుడు ఆ నది పేరు దగ్గర ఏడుపు వచ్చింది. మా ఆయన పోయి నాలుగేళ్ళు. పాత ప్రతిలో ఆయన పెన్సిలుతో గీతలు గీసి ఉండేవాడు, ఎక్కడెక్కడ గీసినాడో గుర్తు తెచ్చుకుని అక్కడ నేను గీస్తున్నాను.

చెలిమె (బెంగళూరు)

అక్కా, మీరు రాసింది మా నాన్నకు చదివి వినిపించినాను. "ఆ యమ్మను ఆ పేర్ల కాగితం ఒకసారి మనకు పంపమను, మన దగ్గర ఉన్నవి ఏమన్నా ఉంటే ఇచ్చేద్దాం" అన్నాడు.

హంద్రి ఒడ్డు (కర్నూలు)

నాన్నగారికి నా నమస్కారం చెప్పమ్మా. రేపు ఫోటో తీసి పంపుతాను.

గార్లదిన్నె

బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' చదవడం మొదలుపెట్టి సగంలో ఆపేసినాను. 2017లో తానా నవలల పోటీలో బహుమతి, 2019లో అకాడమీ అవార్డు, అందరూ మెచ్చుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దం, అనంతపురం హండే రాజుల కాలం. బాగా రాసినాడు, కాదనను. కానీ ఆ క్రూరత్వం చదవలేకపోతున్నాను. రాత్రి చదివితే నిద్ర రావడం లేదు. మన సీమ అంటే బయటవాళ్ళకు ఎప్పుడూ నెత్తురే. మళ్ళీ మనమే అది రాయాలా?

కట్టకింది పల్లె (బుక్కరాయసముద్రం)

నేను పూర్తి చేసినాను. మీ బాధ అర్థమయింది కానీ ఒప్పుకోలేను. బయటవాళ్ళు చూపించే నెత్తురు వేరు. అందులో కొట్టేవాడు నాయకుడు. ఈ నవలలో కథ నడిపేది రాజు కాదు, గొర్లు కాసేవాళ్ళు, ఊరి బయట ఉన్నవాళ్ళు, దేవుడి పేరు చెప్పి, పెళ్ళి లేకుండా బసివిని చేసిన ఆడవాళ్ళు. చరిత్ర పుస్తకాల్లో వాళ్ళకు ఒక్క వాక్యం లేదు. క్రూరత్వం లేకుండా వాళ్ళ బతుకు రాస్తే అది అబద్ధం అవుతుంది. ఇంకొకటి, ఆ భాష. మా అవ్వ మాట్లాడే మాటలు అచ్చులో చూడడం నాకు అదే మొదటిసారి.

గార్లదిన్నె

భాష సంగతి నువ్వు చెప్పినది నిజం. పగటిపూట చదివి చూస్తాను. ఒప్పుకున్నానని కాదు, ఆపేసినది మళ్ళీ తీస్తానని చెబుతున్నాను.

కొలిమిగుండ్ల కుర్రాడు

గ్రూప్స్‌కు చదువుతున్నాను, ఇది నాలుగో ఏడు. ఇంట్లో టెన్షన్. మెటీరియల్ తప్ప వేరే పుస్తకం ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు తప్పించినది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం'. మా రూమ్మేట్ బల్ల మీద ఉంటే ఊరికే తీసినాను. కరువులో గొర్లను మేపడానికి నల్లమలకు తోలుకుపోయే కథ. వాటితో పోయే పిల్లోడు ఉద్యోగం రాక ఓడిపోయి వచ్చినవాడు. అచ్చం నేనే. మా తాత కూడా కొండపొలం పోయినవాడే, నాకు ఆ మాట తెలుసు, అందులో ఉండే భయం తెలియదు. అడవిలో పులి కంటే ముందు నీళ్ళు, దారి, గొర్రె కాలు, ఇవన్నీ చూసుకోవాలి. రెండు రాత్రుల్లో అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను. ఉదయం ఐదు నుంచి ఆరు దాకా, ఆ తర్వాత పాలిటీ.

వేంపల్లె

వేంపల్లి షరీఫ్ 'జుమ్మా' కథలు. మా అమ్మ ప్రతి శుక్రవారం ఫోన్ చేసి నమాజుకు పోయినావా అని అడుగుతుంది. ఆ కథలో అమ్మ కూడా అంతే. మక్కా మసీదులో బాంబు పేలినాక అదే అమ్మ ఫోన్ చేసి పోవద్దంటుంది. చదివినాక మా అమ్మకు నేనే ఫోన్ చేసినాను. ఏమీ లేదు, ఊరికే అన్నాను.

కదిరి అయ్యవారు

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి 'వేమన'. 1928లో మన అనంతపురంలో ఇచ్చిన ఉపన్యాసాలు అవి. శర్మ గారిది కూడా అనంతపురం జిల్లానే. సంగీతం, సంస్కృతం, ప్రాకృతం తెలిసిన పండితుడు వేమన గురించి అంత ప్రేమతో మాట్లాడినాడంటే ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. ఆయనకంటే వందేళ్ళ ముందు, 1829లో, బ్రౌన్ వేమన పద్యాలు అచ్చు వేయించినాడు. వేమన సమాధి ఉన్న కటారుపల్లె మాకు దగ్గరే.

ఎనిమిదో తరగతి పిల్లలకు నేను ఒక పని చెప్పినాను. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి పాఠంలో లేని వేమన పద్యం ఒకటి రాసుకుని రమ్మన్నాను. ఒక పిల్ల వాళ్ళ తాత చెప్పిన పద్యం తెచ్చింది, అది నేను ఎక్కడా చూడలేదు. వేమనదో కాదో చెప్పలేను. ఆ పిల్ల "ఇది తప్పా సార్" అని అడిగింది. జవాబు కోసమే శర్మ గారిని తీసినాను. ఇంకా వెతుకుతున్నాను. ఆ పద్యాన్ని మాత్రం బోర్డు మీద రాయించి, కింద ఆ తాత ఊరి పేరు వేయించినాను.

నంద్యాల

నాది చిన్న మాట. పింగళి సూరన 'కళాపూర్ణోదయం', నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు పది పద్యాలు. మా నంద్యాల కృష్ణమరాజుకు అంకితం ఇచ్చిన కావ్యం. ఏ ముడి ఎక్కడ విడిపోతుందో తెలియక, నాలుగు వందల ఏళ్ళ కిందటి కథకు రాత్రి పూట మేలుకుని కూర్చుంటున్నాను.

చెలిమె (బెంగళూరు)

'పెన్నేటి పాట' నిన్న రాత్రి అయిపోయింది. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ గంగమ్మ లాంటోళ్ళు మన వీధిలోనే ముగ్గురుండ్రి" అని పేర్లు చెప్పినాడు. తెల్లవారుజామున లేచి నన్ను పిలిచి, జేజి పాట ఒక్క చరణం గుర్తొచ్చిందన్నాడు. ఫోన్లో రికార్డు చేసినాను. గొంతు వణుకుతోంది, అయినా బాగానే వినపడుతోంది.

ఇప్పుడు ఆయనకు ముసలమ్మ కథ కావాలంట. కట్టకింది పల్లె తమ్ముడు రాసింది విన్నప్పటి నుంచి అడుగుతున్నాడు. కానీ పద్యం నాకు చదవడం రాదు. ఎక్కడ విరవాలో తెలియక వచనంలాగా చదివితే నాన్న "అట్ల కాదు" అంటున్నాడు. ఎట్లనో ఆయనకు చెప్పడం రాదు. తమ్ముడూ, నువ్వు చదివి పంపగలవా?

కట్టకింది పల్లె (బుక్కరాయసముద్రం)

అక్కా, నేనూ అంత బాగా చదవలేను. మా తెలుగు సార్ దగ్గరకు పోయి ఒకటికి రెండుసార్లు చదివించుకుని వస్తాను. ఆదివారం దాకా టైమివ్వండి.

కదిరి అయ్యవారు

బాబూ, పద్యాన్ని ముందు పాడొద్దు. మామూలుగా మాట్లాడినట్టు అర్థానికి విరిచి చదువు. రెండోసారికి రాగం దానంతట అదే వస్తుంది.

కట్టకింది పల్లె (బుక్కరాయసముద్రం)

ఆదివారం పొద్దున్నే కట్ట మీదకు పోయి చదివినాను అక్కా. ఇంట్లో కూర్చుని చదవబుద్ధి కాలేదు. రెండు భాగాలు పంపినాను. గాలి చప్పుడు ఉంది, నడుమలో ఒక ట్రాక్టరు పోయింది, ఏమీ అనుకోవద్దు. ఆగిపోయినానని చెప్పినాను కదా, బిడ్డను వదిలిపోయే చోటు, అది రెండో భాగంలో ఉంది.

చెలిమె (బెంగళూరు)

రెండూ విన్నాడు తమ్ముడూ. ఫోను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. ట్రాక్టరు చప్పుడు వచ్చినప్పుడు "అదేం బండి, చెనక్కాయ లోడా" అని అడిగినాడు. బిడ్డ దగ్గర నీ గొంతు చాలా తగ్గిపోయిందంట, ఒక పద్యం పూర్తిగా వినపడలేదంట. "ఆ పిల్లోడు ఏడ్చినట్టున్నాడు, తిట్టొద్దు, ఇంకోసారి చదవమను" అన్నాడు. ఆ రెండో భాగం మళ్ళీ పంపుతావా?